తెల్లటి వెలుతురుకు అత్తయ్య కళ్లు మూసుకుంటున్నారు: హాలుకు మెత్తని దీపాలు ఎలా అమర్చుకోవాలి?

కొత్తగూటి పిట్ట
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బెంగళూరులో కాడుగోడి దగ్గర రెండు పడకగదుల ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేసి మూడు నెలలైంది. గాలీ వెలుతురూ బాగానే వస్తాయి. కానీ సాయంత్రం దీపాలు వేసేసరికి హాలు ఆసుపత్రి వరండాలా మారిపోతోంది. బిల్డరు సీలింగుకు ఎనిమిది గుండ్రటి దీపాలు బిగించి ఇచ్చాడు. ఒక్కొక్కటి 12 వాట్లు, పాలతెలుపు, పెట్టె మీద 6500 కె అని ఉంది. నేలకు అద్దంలా మెరిసే టైల్సు. పైన ఎనిమిది, వాటి నీడలు నేలలో మరో ఎనిమిది.

మా అత్తయ్యకు ఈ మధ్యే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. సోఫాలో కూర్చుంటే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నారు. "ఆర్పెయ్యమ్మా, చీకట్లోనే హాయిగా ఉంది" అంటారు. ఆర్పేస్తే మరో కష్టం. మొన్న టీపాయి కాలు తగిలి తూలారు, పక్కనే ఉండి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

ఇంటీరియర్ వాళ్లు వచ్చి చూసి, ఫాల్స్ సీలింగూ దాని చుట్టూ దాపుడు లైట్లూ కలిపి 1,80,000 అన్నారు. ఇంటి అప్పు వాయిదాలు కడుతున్నాం, అంత పెట్టలేం. ఫాల్స్ సీలింగ్ లేకుండా 25,000 లోపల హాలు కళ్లకు హాయిగా ఉండేలా చేసుకోవచ్చా? హాలు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు.


తీగల మేస్త్రి
శనివారం, రాత్రి 10:15

చేసుకోవచ్చు అమ్మా. 22 ఏళ్లుగా ఈ ఊళ్లో వైరింగు పని చేస్తున్నాను. ముందు రెండు సంగతులు చెప్పండి. ఎనిమిది దీపాలూ ఒకే స్విచ్చు మీద ఉన్నాయా, రెండు జట్లుగా ఉన్నాయా? ఫ్యాను రెక్కల పైన ఏ దీపమైనా పడిందా? రెక్కల మీదుగా దీపం ఉంటే ఫ్యాను తిరిగినంతసేపూ వెలుతురు తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఆపరేషన్ అయిన కళ్లకే కాదు, ఎవరి కళ్లకైనా అది శిక్షే. చాలా ఫ్లాట్లలో దీపాలు బిగించేటప్పుడు ఫ్యాను ఎక్కడ వస్తుందో ఎవరూ చూడరు.


కొత్తగూటి పిట్ట
శనివారం, రాత్రి 10:32

రెండు స్విచ్చులు, నాలుగేసి చొప్పున. మీరు అడిగాక చూశాను, రెండు దీపాలు సరిగ్గా రెక్కల చివర్ల మీదే ఉన్నాయి! గోడ మీద ఏదో కదులుతున్నట్టు ఉంటుందని అత్తయ్య అంటుంటే కొత్త కళ్లద్దాల వల్లేమో అనుకున్నాను.


జయనగర్ తాతయ్య
ఆదివారం, ఉదయం 6:20

ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. లెక్క వేసి చూపిస్తాను. 12 వాట్ల ఎల్ఈడీ దీపం సుమారు 1,000 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. ఎనిమిదింటికి 8,000. మన చిన్నప్పటి 60 వాట్ల బల్బు ఇచ్చేది దాదాపు 800. అంటే మీ హాల్లో పాతకాలపు బల్బులు పది ఒకేసారి వెలుగుతున్నాయి. మన తరంలో పెళ్లింట్లో కూడా అన్ని వెలిగేవి కావు.

ఇక ఆ 6500 సంగతి. అది వెలుతురు రంగుకు కొలత, కెల్విన్‌లలో చెబుతారు. కొలిమిలో ఇనుము కాలడం చూసిన వారికి ఇట్టే బోధపడుతుంది. మొదట ఎరుపు, తర్వాత నారింజ, ఆపైన పసుపు, ఇంకా కాలితే తెలుపు. అంకె పెరిగే కొద్దీ నీలం వైపు జరుగుతుంది. నూనె దీపం 1900 దగ్గర ఉంటుంది, తీగ బల్బు 2700, మిట్టమధ్యాహ్నపు ఎండ 5500 ప్రాంతం, మబ్బు పట్టిన ఆకాశం 6500. మీరు రాత్రి తొమ్మిదింటికి హాల్లో మబ్బు పట్టిన పగటిపూటను వెలిగిస్తున్నారు.

శరీరం కూడా దాన్ని పగలనే నమ్ముతుంది. చూడటానికి కాకుండా పగలూ రాత్రీ తేడా తెలుసుకోవడానికే పనికొచ్చే కణాలు కంటి రెటీనాలో ఉన్నాయని 2002లో తేలింది. అవి ముఖ్యంగా నీలి వెలుతురుకు స్పందిస్తాయి, నిద్రను పిలిచే మెలటోనిన్‌ను ఆపిస్తాయి. నీలి ఎల్ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. గొప్ప ఆవిష్కరణ, కోట్ల ఇళ్లలో కరెంటు ఖర్చు తగ్గించింది. మనం దాన్ని సాయంత్రం పూట ఏ రంగులో వెలిగించుకుంటున్నామన్నదే ప్రశ్న. హాలుకు 2700 లేదా 3000 తీసుకోండి.


పట్టపగలు
ఆదివారం, ఉదయం 8:05

నేను ఒప్పుకోను. మా ఊళ్లో ఓల్టేజీ రాక, ఎర్రగా మినుకుమనే బల్బు కింద చదువుకుని పైకి వచ్చాను. పుస్తకం బల్బు దగ్గరికి ఎత్తి పట్టుకుని చదివేవాళ్లం, మెడలు పట్టేసేవి. మా నాన్న మొదటి ట్యూబ్‌లైటు పెట్టించిన రోజున ఇంట్లో పండగే. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరడానికి పగటిదాకా ఆగాల్సిన అవసరం తప్పింది. ఇప్పుడు అన్నీ సంపాదించుకున్నాక మళ్లీ పసుపు వెలుతురులోకి వెళ్లమంటే మనసొప్పదు. హోటళ్లలో అయితే సరే. ఇల్లు ధగధగా ఉండాలి. పెద్దవాళ్లకైతే మరీను, చీకటి ఇళ్లలోనే పడిపోతారు.


వెన్నెల గది
ఆదివారం, ఉదయం 10:50

పట్టపగలు గారూ, మీ నాన్నగారి ట్యూబ్‌లైటు మాట చదివి కాసేపు ఆగిపోయాను. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. మీరు చెప్పినదాంట్లో సగం నేనూ నమ్ముతాను. పెద్దవాళ్లున్న ఇంట్లో చీకటి ఉండకూడదు. కానీ మెత్తని వెలుతురంటే తక్కువ వెలుతురు కాదు. ఇళ్లకు దీపాల అమరిక గీయడమే నా పని, పన్నెండేళ్లుగా నేను పోరాడుతున్నది ఈ ఒక్క అపోహతోనే.

కంటిని కుట్టేది వెలుతురు కాదు, కంటికి నేరుగా కనిపించే దీపం. మన పాత ఇళ్లలో దీపానికి గోడలో గూడు ఉండేది గుర్తుందా? దీపం లోపలికి ఉండేది, వెలుతురు సున్నం గోడకు తగిలి గదిలోకి వచ్చేది. సరిగ్గా ఆ పనే మళ్లీ చెయ్యాలి. దీపాన్ని దాచి గోడను వెలిగించాలి. తెల్లగోడ తన మీద పడ్డ వెలుతురులో చాలా భాగాన్ని వెనక్కి ఇస్తుంది, ముదురు గోధుమరంగు గోడ చాలా భాగాన్ని మింగేస్తుంది. అందుకే పిట్ట గారూ, టీవీ వెనక ముదురు రంగు వేయించే ఆలోచన ఉంటే మానుకోండి.

ఫాల్స్ సీలింగ్ లేకుండా దీపం దాచే చోట్లు మీ హాల్లోనే ఉన్నాయి. బాల్కనీ తలుపు పైన కర్టెన్ రాడ్డుకు చెక్క పెట్టె కట్టించారా? దాని పైన ఎల్ఈడీ స్ట్రిప్పును, అంటే చిన్న చిన్న దీపపు చుక్కలు బారుగా ఉండే సన్నటి పట్టీని, సీలింగు వైపు తిప్పి పెట్టండి. సీలింగుకూ స్ట్రిప్పుకూ మధ్య కనీసం ఒక అడుగు ఉండాలి. మరీ దగ్గరైతే సీలింగు మీద సున్నపు గీతలా తెల్లటి చార పడుతుంది, వెలుతురు విచ్చుకోదు. షోకేసు పైభాగం కూడా అలాంటి చోటే. ఒక మూల నిలువు దీపం పెట్టి గోడ వైపు తిప్పండి. ఇవన్నీ గదికి నేపథ్యం. అత్తయ్యగారు చదువుకునే చోట వేరే దీపం. కన్ను ఆగి చూసే చోట, బొమ్మ కావచ్చు, పటం కావచ్చు, చిన్న దీపం ఇంకొకటి. ఈ మూడు పొరలూ వేరువేరు స్విచ్చుల మీద ఉండాలి.

ఇంకొక మాట. 1,80,000 పెట్టి సీలింగు చుట్టూ గాడి చేయించుకున్నవాళ్లు ఏడాది తర్వాత నాకు ఫోను చేస్తారు. దాంట్లో దుమ్ము పేరుకుంటుంది, వెలుతురుకు పురుగులు, పురుగులకు బల్లులు. నిచ్చెన వేసుకుని తుడిచేది ఎవరు?


కళ్లద్దాల కొలత
ఆదివారం, మధ్యాహ్నం 1:15

కంటి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. ఇక్కడ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అరవై దాటిన కంటికి చదవడానికి ఇరవై ఏళ్ల కంటికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ వెలుతురు కావాలి. అదే కన్ను నేరుగా పడే కాంతిని తక్కువ ఓర్చుకుంటుంది.

అత్తయ్యగారి విషయంలో మరో కారణం ఉంది. వయసుతో మన కంటి కటకం పసుపుబారుతుంది, నీలి వెలుతురును కొంత వడకడుతుంది. ఆపరేషన్‌లో దాన్ని తీసి స్వచ్ఛమైన లెన్సు పెడతారు. ఏళ్ల తరబడి లోపలికి రాని నీలి కాంతి ఒక్కసారిగా వస్తుంది. చాలామంది "అంతా నీలంగా, తెల్లగా కనిపిస్తోంది" అంటారు. కొన్ని వారాల్లో అలవాటవుతుంది. మీ హాల్లో దీపాలు 6500 కాబట్టి ఆవిడకు ఇంకా ఇబ్బంది.

నెలలు గడిచినా దీపాల చుట్టూ మెరుపులు తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించండి. లెన్సు వెనక పొర మసకబారినా అలాగే అవుతుంది. లేజరుతో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. దీపాలు మార్చి ఊరుకోవద్దు.

చదువుకునే దీపం భుజం వెనక నుంచి పుస్తకం మీద పడాలి. కూర్చున్నప్పుడు లోపలి బల్బు కంటికి కనిపించకూడదు. రాత్రి బాత్రూముకు వెళ్లే దారిలో నేలకు అడుగు ఎత్తులో, మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు రెండు పెట్టండి. దయచేసి ఇది మాత్రం ఈ వారమే చెయ్యండి.


అద్దె ఇంటి రాజు
ఆదివారం, మధ్యాహ్నం 3:40

మారతహళ్లిలో అద్దెకు ఉంటున్నాను. యజమాని గోడకు మేకు కూడా కొట్టనివ్వడు. నాలాంటివాళ్లు ఏం చెయ్యాలి?


వెన్నెల గది
ఆదివారం, సాయంత్రం 4:10

రాజు గారూ, బల్బు మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉన్న హోల్డర్లలో 2700 బల్బులు వేసుకోండి. రెండు పిన్నుల హోల్డరా, మరలు తిప్పే హోల్డరా చూసుకుని కొనండి, నిలువు దీపాలకు వచ్చే హోల్డర్లు ఎక్కువగా మరలు తిప్పేవి. ప్లగ్గుకు పెట్టే నిలువు దీపం ఒకటి గది మూలన గోడకు తిప్పి పెట్టండి. సీలింగు దీపం సాయంత్రాలు వెయ్యకండి. వెయ్యి, రెండు వేలలో గది మారిపోతుంది, ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకువెళ్లవచ్చు.


తీగల మేస్త్రి
ఆదివారం, రాత్రి 9:00

స్ట్రిప్పు కొనేముందు నా మాట వినండి. నేను వెళ్లే మరమ్మతుల్లో సగం వీటివే.

మీటరుకు 10 వాట్ల స్ట్రిప్పు అయిదు మీటర్లంటే 50 వాట్లు. దానికి 50 వాట్ల డ్రైవరు, అంటే ఇంటి కరెంటును స్ట్రిప్పుకు తగ్గట్టు తగ్గించి ఇచ్చే చిన్న పెట్టె, సరిపోతుందని షాపులో ఇచ్చేస్తారు. సరిపోదు, 60కి పైన ఉండాలి. రోజూ పూర్తి బరువు మోసే డ్రైవరు వేడెక్కి తొందరగా పోతుంది. 12 ఓల్టుల స్ట్రిప్పును అయిదు మీటర్లు దాటించి ఒక వైపు నుంచే కరెంటు ఇస్తే చివర మసకగా వెలుగుతుంది. పొడుగు ఎక్కువైతే 24 ఓల్టులది తీసుకోండి. స్ట్రిప్పును ఉత్త చెక్కకు అంటించకండి, అల్యూమినియం చానల్లో పెట్టండి, వేడిని అది లాగేస్తుంది. పైన పాలరంగు మూత వేస్తే చుక్కలు కనిపించవు. డ్రైవరు చెయ్యి అందే చోట ఉండాలి. సీలింగు లోపల పెట్టి మూసేస్తే, అది పోయిన రోజున సీలింగు కొయ్యాలి.

వెలుతురు తగ్గించే రెగ్యులేటరు కావాలంటే, పెట్టె మీద డిమ్మబుల్ అని రాసి ఉన్న దీపాలకే. ఫ్యాను రెగ్యులేటరుకు ఎల్ఈడీ దీపం కలపవద్దు. బల్బుల మీద ఐఎస్ 16102 గుర్తు (ఎల్ఈడీ బల్బులకు భారత ప్రమాణం నంబరు) చూసి కొనండి.

కొనడానికి చిక్కపేట వైపు వెళ్లండి. మీకు కాడుగోడి నుంచి మెట్రో ఉంది. మెజెస్టిక్‌లో పచ్చ లైనుకు మారితే తర్వాతి స్టేషనే చిక్కపేట. స్ట్రిప్పు, చానల్, డ్రైవరుకు ఎస్.పి. రోడ్డు. బల్బులు, నిలువు దీపాలకు బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి.


జయనగర్ తాతయ్య
సోమవారం, ఉదయం 6:10

మేస్త్రి గారు పంపుతున్న ఆ చుట్టుపక్కలే, ఇప్పటి కె.ఆర్. మార్కెట్ ప్రాంతంలో, 1905లో ఈ ఊరి తొలి విద్యుత్ వీధిదీపాలు వెలిగాయి. కరెంటు శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చింది. దీపాలు కొనడానికి అంతకన్నా తగిన చోటు లేదు.


నిమ్మలకుంట దారి
సోమవారం, రాత్రి 8:30

వెన్నెల గది గారు చెప్పిన మూడో పొర, కన్ను ఆగే చోటు, దానికి నా సలహా వినండి. మా వైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఊరు. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు ఆడించేవాళ్లు తగ్గాక అదే మేకతోలుతో దీపాల గొడుగులు చేస్తున్నారు. ఒక్కటి పెట్టుకోండి. లోపల చిన్న ఎల్ఈడీ బల్బే వెయ్యండి. వేడెక్కే పాత బల్బు వేస్తే తోలు ముడుచుకుంటుంది.


కొత్తగూటి పిట్ట
సోమవారం, రాత్రి 9:05

మా అత్తయ్యది ధర్మవరమే! ఈ మాట ఆవిడకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ, లేచి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుని చూశారు.


కొత్తగూటి పిట్ట
మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:20

చెప్పినవన్నీ చేశాను. తప్పులు కూడా చేశాను, వాటితోనే మొదలుపెడతాను.

చానల్ ఎందుకులే అని మొదట ఉత్త స్ట్రిప్పును టీవీ బల్ల కింది అంచుకు అంటించాను. వెలిగించగానే మెరిసే టైల్సులో చుక్కలన్నీ బారుగా కనిపించాయి. దాన్ని తీసి చానల్లో పెట్టి, వెలుతురు గోడకు పడేలా బల్ల వెనక్కి తిప్పాం. నేల మీద సగం వరకు వరంగల్ జంపఖానా పరిచాను, మెరుపు అక్కడికక్కడే చచ్చింది. రెండో తప్పు, స్ట్రిప్పు చుట్టలు రెండు షాపుల్లో కొన్నాను. రెండిటి మీదా 3000 అనే ఉంది. పక్కపక్కన వెలిగిస్తే ఒకటి నిమ్మపండు రంగు, ఇంకొకటి గులాబీ ఛాయ. ఒకటి మార్చుకుని రావడానికి ఒక పూట పోయింది.

మూడోది అత్తయ్య పట్టుకున్నారు. నేను తెచ్చిన చవక దీపం కింద ఆవిడ ఎర్ర పట్టుచీర ఇటుకరంగులో కనిపించింది. "ఇది నా చీరేనా?" అన్నారు. వెన్నెల గది గారికి సందేశం పెడితే సి.ఆర్.ఐ. అంకె చూడమన్నారు. వస్తువుల రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది. నేను తెచ్చినదానికి 80. 90 ఉన్నది తెచ్చాక చీర తన రంగుకు వచ్చింది. నుదుటి కుంకుమ కూడా.

సీలింగు దీపాల్లో ఫ్యాను రెక్కల మీదవి రెండూ విప్పించేశాం. నాలుగింటిని 3000కు మార్చాం. మిగిలిన రెండు తెల్లవి అలాగే ఉన్నాయి, ఇల్లు ఊడ్చేటప్పుడు వేస్తాను. కర్టెన్ పెట్టె పైన స్ట్రిప్పు. అత్తయ్య కుర్చీ వెనక నిలువు దీపం. బాత్రూము దారిలో నేలకు దగ్గరగా రెండు చిన్న దీపాలు. వీటిని కళ్లద్దాల కొలత గారు చెప్పిన మర్నాడే పెట్టాను.

స్ట్రిప్పు, చానళ్లు, డ్రైవరు కలిపి 5,400. సీలింగు దీపాలు నాలుగు 2,200. నిలువు దీపం 3,200. తోలు దీపం 2,800. కదిలితే వెలిగేవి రెండు 900. ఎలక్ట్రీషియన్‌కు 1,800. మొత్తం 16,300.

తోలు దీపం గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, క్షమించాలి. మోకాలెత్తు ఉంటుంది. తోలును ఎంత పలచగా గీకారంటే వెనక వేలు పెడితే నీడ కనిపిస్తుంది. చుట్టూ హనుమంతుడు, చెట్లు, నెమళ్లు. గీతలన్నీ నల్ల సిరావి. ఆభరణాలున్న చోటల్లా చిన్న ఉలితో రంధ్రాలు పొడిచారు, ఆవగింజంత కొన్ని, జొన్నగింజంత కొన్ని. వెలిగించకముందు అది ఎర్రటి, ఆకుపచ్చటి గొట్టం. మూడు వాట్ల బల్బు వెయ్యగానే ఎరుపు దానిమ్మగింజలా అయింది, హనుమంతుడి కిరీటంలోని రంధ్రాలు గోడ మీద చుక్కలుగా పడ్డాయి.

అత్తయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆ రంధ్రాల మీద వేలు పెట్టి తడుముతూ కూర్చున్నారు. చిన్నప్పుడు ఊళ్లో ఆట పెడితే తెల్లపంచె కట్టి వెనక ఆముదపు దీపాలు పెట్టేవారట. తన తండ్రి భుజం మీద కూర్చుని తెల్లవారేదాకా చూశారట. పెళ్లయి పద్నాలుగేళ్లయింది నాకు, ఆవిడ తండ్రి గురించి మాట్లాడటం మొదటిసారి విన్నాను. రెండు గంటలు మాట్లాడారు. చెయ్యి ఒక్కసారి కూడా నుదుటికి పోలేదు.

వచ్చే వారం డాక్టరుకు కూడా చూపిస్తున్నాం.


నిమ్మలకుంట దారి
శనివారం, రాత్రి 10:45

మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. మీ అత్తయ్యగారిది ధర్మవరంలో ఏ వీధో అడగమంటోంది.


పట్టపగలు
ఆదివారం, ఉదయం 7:30

రెండుసార్లు చదివాను. మా అమ్మకు 78. సాయంత్రాలు హాల్లోకి రాదు, తన గదిలోనే ఉంటుంది. టీవీ అంటే ఇష్టం లేదేమో అనుకునేవాణ్ణి. రాత్రి మూడు ట్యూబులూ ఆర్పి, మా అబ్బాయి చదువుకునే దీపాన్ని గోడకు తిప్పి పెట్టి పిలిచాను. వచ్చి కూర్చుంది.

శనివారం చిక్కపేటకు వెళ్తున్నాను. హాలుకు 3000 తెస్తాను. వంటింటికి మాత్రం తెల్లదే ఉంచుతాను, బియ్యంలో రాయి కనిపించాలి. అక్కడ 6500 ఉండవచ్చా?


వెన్నెల గది
ఆదివారం, ఉదయం 9:15

వంటింటికి 4000 తీసుకోండి, సి.ఆర్.ఐ. 90 ఉన్నది. రాయీ కనిపిస్తుంది, టమాటా రంగూ చెడదు. సీలింగు మధ్యలో ఒక్కటే పెడితే గట్టు మీద మన నీడే పడుతుంది. పై అలమర కింద, ముందు అంచుకు దగ్గరగా చిన్న పట్టీ దీపం వేయించండి. షాపులో వెలిగించమని అడిగి, కింద మీ అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పాలిపోయి కనిపిస్తే ఆ దీపం తీసుకోకండి.